కొబ్బరిపాల చాక్లెట్

కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని కొబ్బరికాయ కోసం దుకాణం చుట్టూ ప్రదక్షిణలు చేశానంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. కాయ రాలి నెత్తిన పడకుండా చూసుకోవడం ఒక్కటే మాకు తెలిసిన కొబ్బరి కష్టం. అలాంటిది, పెళ్ళయిన కొన్నేళ్ళకు రువైస్‌లో కంపెనీ వాళ్ళిచ్చిన క్వార్టర్లో కాపురం పెట్టాక, అబూధాబీ నుంచి సరుకుల లారీ ఎప్పుడొస్తుందా, అందులో కాయలుంటాయా ఉండవా అని కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసేదాన్ని. ఎనభైల మధ్య మాట ఇది. మాకు ఒక పక్క సముద్రం, ఒక పక్క రిఫైనరీ, మిగతా రెండు పక్కలా ఇసుక. మా ఆయన ఆ రిఫైనరీలో టెక్నీషియన్. మా ఊరి వాళ్ళ లెక్కలో మాత్రం ఆయన దుబాయ్‌లో పనిచేసేవాడు. దుబాయ్ మాకు రోజంతా ప్రయాణమని ఎంత చెప్పినా ఎవరూ చెవిన పెట్టకపోతే నేనే చెప్పడం మానేశాను.

ఆ కాయలు పచ్చడికీ కాదు, పూజకీ కాదు. మా అమ్మాయి నాచేత వేయించుకున్న ఒట్టు కోసం.

మా అమ్మాయికి పాలు పడవు. తాగిన కాసేపటికే కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయేది. కాలనీ ఆసుపత్రి డాక్టరు పాలు, పెరుగు, వెన్న, పాలపొడి ఏదీ దాని దరికి రానివ్వొద్దని ఖరాఖండీగా చెప్పేశాడు. డాక్టరు చెప్పడం తేలికే. మన వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడమే కష్టం. పాలు పడకపోవడమేమిటి, పసిపిల్లకి? కనీసం మజ్జిగన్నా పట్టలేదా? ఒక్క గుక్క తాగితే ఏమవుతుందమ్మా? ఇలా అడిగిన ప్రతివాళ్ళకీ ఆ గుక్క తరవాతి చాకిరీ ఒక్కసారి అప్పగించి చూడాలని నాకు మహా సరదాగా ఉండేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ ముక్కు కూడా కాస్త పొడుగేనని మా ఆయన అంటుంటాడు.

చలికాలం వచ్చేదాకా మాకు దీనితో పెద్ద ఇబ్బంది లేదు. అక్కడి చలి వణికించేది కాదు. సాయంత్రం సముద్రం మీంచి గాలి తిరిగితే పెట్టెల్లోంచి స్వెట్టర్లు తీయాలనిపించేంత, అంతే. ఏడాదిలో ముప్పాతిక భాగం ఎండకి మాడిపోయిన జనం ఆ కాస్త చలికే సంబరపడిపోయేవాళ్ళు. ఆ సంబరంలోనే, మా వెనక బ్లాకులో ఉండే ఒక ఇంగ్లీషు ఇంజనీరు భార్య గురువారం బడి అవగానే మా అమ్మాయి తరగతి పిల్లలందరినీ ఇంటికి పిలిచి వేడివేడి చాక్లెట్ పోసింది. మరుసటి వారం కింది వాటాలోని మలయాళీ అమ్మాయి ఇంట్లో. ఆ తరవాత ఒక ఈజిప్టు వాళ్ళింట్లో. ఎవరూ రాసిపెట్టకుండానే అది వంతుల పద్ధతి అయిపోయింది.

వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మా అమ్మాయికి నారింజ రసం ఇచ్చేవాళ్ళు. పాపం, అందరూ మంచివాళ్ళే. గుర్తుపెట్టుకుని మరీ, ముందే తీసి విడిగా ఉంచేవాళ్ళు. అందరి చేతుల్లోనూ పొగలు కక్కే కప్పులు, దీని చేతిలో చల్లటి గ్లాసు. పిల్లలు ఒకరి మూతి చూసి ఒకరు నవ్వుకుంటుంటే, ఎవరి మీసం పెద్దదని పందాలు వేసుకుంటుంటే, నారింజ రసంతో మీసం రాదు కదా.

ఒక గురువారం ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా అడిగింది.

"అమ్మా, మన వంతు ఎప్పుడు?"

"వస్తుందిలే. ఏం?"

"మనింట్లో నాకు వేరేగా పొయ్యకూడదు. అందరికీ ఒకటే గిన్నె. నాక్కూడా ఆ గిన్నెలోదే."

"అంతేగా! అందరికీ నారింజ రసమే పోసేస్తాను."

"కాదు. చాక్లెట్. వేడిది." నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకుంది. "ఒట్టెయ్యి."

నా దగ్గర అలాంటి విద్యేమీ లేదని తెలిసి కూడా ఒట్టేశాను. ఆ మొహం చూస్తూ వెయ్యనని ఎలా అంటాను? దానికి చాక్లెట్ మీద అంత యావ లేదని నాకు తెలుసు. దానికి కావలసింది ఆ గిన్నె. పదిమందీ ముంచుకునే గిన్నెలో తనకూ ఒక గరిటె. బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టాక ఇంక వెనక్కి పోయేది లేదు. కొంగు బిగించాను.

మొదట మామూలుగా నీళ్ళలో చాక్లెట్ పొడి వేసి కాద్దామనుకున్నాను. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని డబ్బా వెనక సన్నటి అక్షరాలు చదివి, అందులోనే పాలపొడి కలిసి ఉందని తేల్చాడు. ఆ డబ్బా ఆయన టీ పక్కకు చేరింది. కేకుల్లో వేసుకునే వట్టి కోకో పొడి తెచ్చుకున్నాం. చేదు విషం. దాన్ని నీళ్ళూ పంచదారా పోసి మరగబెడితే, మా ఆయన ఒక గుక్క తాగి చాలాసేపు ఆలోచించాడు.

"బావుందోయ్. దీన్ని రోజుకి ఎన్నిసార్లు పుచ్చుకోవాలి? తిన్నాకా, తినకముందా?"

ఆ కషాయాన్ని సింకులో పారబోశాను. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదని చెబితే అతిశయోక్తి అవుతుంది గానీ, ఆ పూట మాత్రం మాట్లాడలేదు.

కొబ్బరిపాల సంగతి నా బుర్రకు తట్టింది ఒక శుక్రవారం కొబ్బరన్నం వండుతుంటే. ఎసట్లో పాలు పోస్తున్నాను, ఇంటినిండా ఆ కమ్మటి వాసన. ఇవీ పాలే కదా అనుకున్నాను. చేతిలో గరిటె అలాగే పట్టుకుని హాల్లోకి పరిగెత్తి, "ఏవండీ, దొరికింది!" అని అరిచాను. ఆయన పోయిన ఇంటి తాళం దొరికిందనుకుని "ఎక్కడ?" అన్నాడు.

దొరికింది గానీ కుదరడానికి చాలా రోజులు పట్టింది. మొదటిసారి పాలన్నీ ఒకే గిన్నెలో పోసి, కోకో గుమ్మరించి, తెర్లేదాకా కాచాను. పాలు విరిగి, పైన నూనె తేలి, మధ్యలో కోకో ఉండలు ఈదుతూ కనిపించాయి. కొబ్బరి పిండగా వచ్చిన మొదటి చిక్కటి పాలను పొయ్యి మీద మరిగించకూడదని మా ఊళ్ళో పరికిణీలు కట్టుకునే పిల్లలకు కూడా తెలుసు. రెండోసారి పిండిన పల్చటి పాలతో వంట చేసి, దింపాక చిక్కటివి కలపాలి. ఆ సంగతి నాకూ వెన్నతో పెట్టిన విద్యే. అయినా, చాక్లెట్ అనగానే అదేదో దొరల వంట అనుకుని, ఇంట్లో నేర్చుకున్నదంతా గుమ్మం బయట వదిలేసి వంటగదిలోకి వెళ్ళాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదీ.

రెండోసారి పాలు విరగలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న బెల్లం వేశాను, కమ్మగా ఉంటుందని ఏలకులు కూడా దంచి వేశాను. మా అమ్మాయి చెంచాతో రుచి చూసి, చెంచా కింద పెట్టేసింది.

"ఇది పాయసం."

"కాదే, చాక్లెట్టే. రంగు చూడు."

"నల్ల పాయసం."

పిల్లల కళ్ళకు గంతలు కట్టొచ్చేమో గానీ నాలుకకు కట్టలేం. ఏలకులు డబ్బాలోకి వెళ్ళిపోయాయి. బెల్లం మానేసి పంచదార వేస్తే పల్చగా, నీళ్ళనీళ్ళగా వచ్చింది. ఆ ఇంగ్లీషావిడ పోసేది కప్పులో చిక్కగా, బరువుగా, కదిపితే బద్ధకంగా కదిలేదట. మా అమ్మాయి దూరం నుంచి చూసి చెప్పిన వివరాలివి. తాగకుండానే దాని గురించి అంతా తెలుసు దానికి.

ఆ చిక్కదనం మాకు ఖర్జూరాల రూపంలో వచ్చింది. మా ఆయన పై మేనేజరు, అక్కడ ముదీర్ అంటారు, తన సొంత తోటలో కాసిన పళ్ళు డబ్బాలకెత్తి పనివాళ్ళందరికీ పంచాడు. మెత్తగా, వేలు పెడితే దిగిపోయేలా ఉన్నాయి. గింజలు తీసి వేడినీళ్ళలో నానబెట్టి, మెదిపి, జల్లెడలో రుద్దితే తేనెలాంటి గుజ్జు వచ్చింది. కోకోని ముందుగా గోరువెచ్చటి పల్చటి పాలు కాసిని పోసి చెంచాతో మెత్తటి ముద్దలా నూరాను. ఆ ముద్దలో మిగతా పల్చటి పాలూ, ఖర్జూరం గుజ్జూ కలిపి, పచ్చివాసన పోయేదాకా సన్నటి సెగ మీద కాచాను. దింపేశాను. చిటికెడు ఉప్పు. ఆఖర్న, గరిటెతో తిప్పుతూ తిప్పుతూ, చిక్కటి పాలు.

గిన్నెలో రంగు నల్లరేగడి నుంచి తడిసిన మట్టి రంగులోకి మారింది. గరిటె ఎత్తితే జారడానికి తొందరపడలేదు. మా అమ్మాయి కప్పు రెండు చేతులా పట్టుకుని తాగింది. ఆపకుండా తాగింది. కప్పు దించేసరికి ముక్కు కింద మీసం. అద్దం దగ్గరకు పరిగెత్తి, ఆ మీసాన్ని చూసుకుని, తుడవొద్దని నాకు వార్నింగ్ ఇచ్చి, దానితోనే పడుకుంది. ఆ ఆనందం చెప్పుకోవడానికి నాకు మా మెట్ల అవతలి వాటాలో ఉండే అక్క తప్ప ఎవరున్నారు?

అక్క అంటే తోడబుట్టినది కాదు, కరీంనగర్ వైపు ఆవిడ. వాళ్ళాయన డెబ్భైలలోనే వచ్చి, రాస్ అల్ ఖైమాలో రాళ్ళు కొట్టే చోట కూలీగా మొదలుపెట్టి, రువైస్ వచ్చి ఫోర్‌మన్ అయ్యాడు. పిల్లలిద్దరూ హైదరాబాదు హాస్టల్లో చదువుకుంటుండడంతో, ఆవిడ తన చేతుల్లో మిగిలిన ముద్దంతా మా అమ్మాయికే పెట్టేది. నన్ను 'చెల్లె' అనేది. మనిషి బంగారం. ఒక్కటే పట్టుదల, ఇంటికొచ్చినవాళ్ళకు పోసే చాయ్‌లో నీళ్ళచుక్క పడకూడదు. వట్టి పాలతో కాచి, అందులో చెంచా నిలబడుతుందా లేదా అన్నట్టు చేసేది. నేను సగం నీళ్ళు పోసి టీ పెడుతుంటే చూసి, "మీ కోస్తోళ్ళకు చుట్టాలంటె భయం లేదు చెల్లె" అనేది. "మీకు పాలంటే జాలి లేదక్కా" అనేదాన్ని నేను.

మా వంతు గురువారం రానే వచ్చింది. మలయాళీ దుకాణదారు, "చేచీ, మీకోసమే దాచాను" అంటూ బల్ల కింద నుంచి తీసిచ్చిన కాయలన్నీ పొద్దున్నే కోరాముతో కోరేశాను. మధ్యాహ్నానికి పెద్ద గిన్నెలో కోకో, ఖర్జూరం, పల్చటి పాలు సన్నటి సెగ మీద ఉన్నాయి. చిక్కటి పాలు చిన్న స్టీలు గిన్నెలో పోసి, మూతపెట్టి, గట్టు మీద పక్కన ఉంచాను. అక్క ఒక బేసిన్ నిండా సర్వపిండి కాల్చి తెచ్చి, ఇంకేం సాయం కావాలని నా వెనకే తిరుగుతోంది. మా అమ్మాయి బడి నుంచి రాగానే అబూధాబీలో కొన్న తెల్లగౌను వేసుకుని, నిమిషానికోసారి వచ్చి గిన్నెలోకి తొంగిచూసి వెళుతోంది.

తలుపు గంట మోగింది. పిల్లలు బిలబిలమంటూ లోపలికొచ్చారు. గుమ్మంలో బూట్ల గుట్ట. నేను వాళ్ళందరినీ హాల్లో చాపల మీద కూర్చోబెట్టి, ఒకరి స్వెట్టరు ఇంకొకరి తలకు చిక్కుకుంటే విడదీసి, వంటగదిలోకి వచ్చేసరికి అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ, మొహం వెలిగిపోతూ నిలబడి ఉంది.

"చెల్లె, ఇయ్యాల నీ ఇజ్జత్ నేను కాపాడిన పో."

"ఏం చేశావక్కా?"

"ఏం జేస్త? పెద్ద గిన్నెల జూస్తె నల్లగ నీళ్ళలెక్క ఉన్నది. పాలసుక్క లేదు. తలో దేశపోళ్ళ పిల్లలొచ్చిన్రు, ఇంటికి పొయ్యి ఏం జెప్పుకుంటరు? మీ ఆయన చాయ్‌కి పెట్టుకున్న డబ్బ పాలు మొత్తం పోసిన. బిడ్డది మాత్రం ముట్టలె. చిన్న గిన్నెల వేరుగ తీసిపెట్టినవ్ గద."

గట్టు మీద డబ్బా ఖాళీగా ఉంది. పెద్ద గిన్నెలో చాక్లెట్ లేతరంగుకు తిరిగి, చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది.

"అయ్యో, ఎంత పని చేశావక్కా!" అన్నాను. ఇంకో మాట వస్తే అది మంచిమాట అయ్యేది కాదు. ఆవిడ తప్పేముంది? కాలనీలో ప్రతి ఇంట్లోనూ మా అమ్మాయికి విడిగా తీసి ఉంచడం ఆవిడ చూసింది. మూతపెట్టిన చిన్న గిన్నె కనబడితే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఒట్టు సంగతి నేను ఆవిడకు చెప్పనే లేదు. అప్పుడు చెప్పాను. వినగానే ఆవిడ మొహం పాలిపోయింది. రెండు చెంపలూ వేసుకుంది.

"అయ్యో నా బిడ్డ! మంచి జేద్దామని గిట్ల జేస్తి."

ఈ గుసగుసలకు మా ఆయన లోపలికొచ్చాడు. సంగతి విని, మెల్లగా అన్నాడు.

"ఆ చిన్న గిన్నెలో కాస్త కోకో కలిపి దాని కప్పులో పోసెయ్యి. రంగు ఇంచుమించు ఒకటే. ఎవరికి తెలుస్తుంది? యల్లా, పిల్లలు ఎదురుచూస్తున్నారు."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నిజమే, ఎవరికి తెలుస్తుంది? కోకో డబ్బా కోసం చెయ్యి చాపాను కూడా. అంతలో గుమ్మంలో తెల్లగౌను.

"అమ్మా, ఇదేనా మన గిన్నె?"

దాని కళ్ళు నా మీద లేవు, గిన్నె మీద ఉన్నాయి. అవునంటే నమ్మేస్తుంది. నేను పోసినది తాగేసి, నవ్వుతూ పడుకుంటుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నేను నీతిమంతురాలినని కాదు. దాని ఆనందాన్ని చూస్తూ, లోపల 'ఇది ఉత్తిదే' అనుకుంటూ నిలబడడం నావల్ల కాదనిపించింది. ఆ సాయంత్రం కోసం దానితో పాటు నేనూ అన్ని వారాలు ఎదురుచూశాను.

"కాదమ్మా. ఇందులో పాలు పడ్డాయి. ఇది పెద్దవాళ్ళకి. మన గిన్నె మళ్ళీ కాస్తాను."

"అందరికీనా?"

"అందరికీనే."

"ఎంతసేపు?"

అక్కడే వచ్చింది చిక్కు. చిన్న గిన్నెలో ఉన్న చిక్కటి పాలు తప్ప నా దగ్గర ఒక్క కాయ లేదు. లారీ మళ్ళీ శనివారానికి గానీ రాదు. అక్క వైపు చూస్తే అక్క అక్కడ లేదు. ఎదురు వాటా తలుపు ధడాలున తెరుచుకున్న చప్పుడైంది. మరునిమిషంలో ఆవిడ ఆయాసపడుతూ తిరిగొచ్చింది. చేతిలో కొబ్బరికాయ. శుభ్రంగా పీచు తీసి, పసుపు రాసి, కుంకుమ బొట్టు కూడా పెట్టేసి ఉంది.

"ఇదేంటక్కా, పూజ కాయ కదా?"

"రేపు శుక్రారం కొడ్దామని పెట్టుకున్న. దేవుడైతె ఓపిక పడ్తడు చెల్లె. పోరగాండ్లు పడరు."

బాల్కనీ గడప మీద ఒకే ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలైంది. హాల్లోంచి పిల్లలందరూ వచ్చి చుట్టూ మూగారు. ఇంగ్లీషు పిల్ల నోరు తెరిచేసింది. ఈజిప్టు పిల్లవాడు చప్పట్లు కొట్టి, ఇంకోటి కొట్టమన్నాడు. మా అమ్మాయి, అదేదో తన ఇంటి గొప్పదనంలా, నడుం మీద చెయ్యి పెట్టుకుని అందరికీ హిందీ, ఇంగ్లీషు కలిపి వివరిస్తోంది. నేను కోరాము ముందు పీట వేసుకుని కోరడం మొదలుపెట్టాను. అక్క మిక్సీ తిప్పింది. పాలు పిండే వంతు వచ్చేసరికి పిల్లలు ఆగలేదు. చేతులు కడిగించి, పల్చటి గుడ్డలో కొబ్బరి కట్టి ఇస్తే, ఒకరి తరవాత ఒకరు ఎగబడి పిండారు. పాలు గిన్నెలోకి, నేల మీదికి, మోచేతుల దాకా. ఎవరి చేతిలో ఎన్ని చుక్కలు రాలితే వాళ్ళకంత గొప్ప. వంటగదిలో కాలు పెట్టడానికి సందు లేదు. నాకు కోపం రావలసిన సందర్భమే గానీ, వెతికినా దొరకలేదు.

ఈలోగా పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లులూ తండ్రులూ హాల్లో చేరారు. వాళ్ళకు మా ఆయన పెద్ద గిన్నెలోది పోశాడు. అక్క వాళ్ళాయన మూడో కప్పు కూడా అందుకుని, "మస్తుంది చెల్లెమ్మ, ఎవరు జేసిన్రు?" అన్నాడు. "మీ ఆవిడే" అని లోపలి నుంచి అరిచాను. అక్క సిగ్గుతో మిక్సీ ఇంకా గట్టిగా తిప్పింది.

పిల్లల గిన్నె చిన్నదే. ఒక కాయ పాలు, చిన్న గిన్నెలో దాచిన చిక్కటి పాలు, డబ్బా అడుగున మిగిలిన కోకో, గిన్నె అంచులకు అంటిన ఖర్జూరం. అయినా కాస్తుంటే ఇల్లంతా ఆ వాసనే. కప్పులన్నీ చాప మీద వరసగా పెట్టి, అందరూ చూస్తుండగా గిన్నె మధ్యలో దించాను. అందరికీ తలో సగం కప్పు వస్తుంది. మా అమ్మాయి కప్పు ముందూ కాకుండా, వెనకా కాకుండా, మధ్యలో పెట్టాను. దాని కళ్ళు నా గరిటెతో పాటే తిరుగుతున్నాయి. గిన్నెలోంచి మలయాళీ పిల్ల కప్పులోకి, గిన్నెలోంచి తన కప్పులోకి, గిన్నెలోంచి ఈజిప్టు పిల్లవాడి కప్పులోకి. గరిటె తన కప్పు దాటి పక్క కప్పుకు పోగానే అది ఒక్కసారి ఊపిరి వదలడం నాకు వినిపించింది. అక్కకూ వినిపించినట్టుంది, మొహం పక్కకు తిప్పుకుంది.

తాగుతున్నంతసేపూ కప్పుల్లోంచి ఎవరూ తలెత్తలేదు. తరవాత ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. మీసాలు వచ్చాయి. కొలతలు జరిగాయి. మా అమ్మాయి మీసం గురించి ఇద్దరు గొడవపడ్డారు. దానికంటే సంతోషమైన పిల్లను ఆ రోజు ఈ ప్రపంచంలో ఎవరూ చూసి ఉండరని నేను రాసిస్తాను.

ఆ గొడవలోనే, కింది వాటా మలయాళీ పిల్ల తన మీసం చూపించడానికి గిర్రున తిరగబోయి కప్పు తన్నేసింది. చాప మీద చాక్లెట్ మడుగు. తాగింది ఒక్క గుక్కో రెండు గుక్కలో. గిన్నె చూస్తే నాకినట్టు ఖాళీ. పిల్ల పెదవి వణికింది. "ఏడవకు బంగారం, బోల్డంత ఉంది" అంటూ నేను లేచాను. పెద్దవాళ్ళ గిన్నెలో ఇంకా మిగిలే ఉంది, ఆ పిల్లకు పాలు పడతాయి కూడా. అక్క అప్పటికే గరిటె అందుకుంది.

మా అమ్మాయి మమ్మల్ని అక్కర్లేదన్నట్టు చూసింది. తన కప్పు ఎత్తి, తెల్లగౌను అంచు లాగి కప్పు మీద కప్పి, ఆ బట్ట మీంచి ఒక గుక్క పీల్చింది. కాకెంగిలి! వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు మా ఊరి పిల్లలు జామకాయలు, జీళ్ళు గౌను అంచులో చుట్టి కొరుక్కుని, ఎంగిలి కాలేదంటూ పంచుకుంటుంటే నేర్చుకుంది. జామకాయకు సరే, చాక్లెట్‌కు కాకెంగిలి ఏమిటో మా పెద్దల్లో ఎవరికీ తెలియదు. దానికి తెలుసు. గౌను తీసి, కప్పు తిప్పి, నేస్తానికిచ్చింది.

ఆ పిల్ల ఒక్క క్షణం చూసి, ఈ ఇంటి పద్ధతి ఇది కాబోలనుకుని, తన గౌను అంచు కప్పు మీద పరుచుకుని పీల్చింది. అంతే, ఇంగ్లీషు పిల్లకు తన వంతు కావలసి వచ్చింది. ఈజిప్టు పిల్లవాడికి గౌను లేదు, స్వెట్టరు లాక్కున్నాడు. ఎవరి కప్పులో ఉన్నది వాళ్ళు వదిలేసి, అందరూ మా అమ్మాయి కప్పు చుట్టూ చేరారు. అబూధాబీ దాకా వెళ్ళి కొనుక్కొచ్చిన తెల్లగౌను మీద అరచెయ్యంత మరక. తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టు రాలేదు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. బుద్ధెరిగాక అది చేతబట్టిన గ్లాసులోంచి ఇంకొకరు తాగగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరికీ కావలసి రాలేదు, అది ఎప్పుడూ వేరే గ్లాసే.

కప్పు చేతులు మారి మారి, అడుగంటి, దాని దగ్గరికి తిరిగొచ్చింది. లోపలికి చూసుకుంది. తలకిందులు చేసి దులిపింది. ఒక్క చుక్క రాలలేదు. నా వైపు తిరిగి, ఇంట్లో అందరికీ వినబడేలా, పండగొచ్చినంత సంబరంగా ఫిర్యాదు చేసింది.

"అమ్మా! నాదంతా వీళ్ళే తాగేశారు!"